బాగున్నవాడికి బాగుచేత

ఏ బాధా లేని మనిషి రొమ్ము కోసి, గుండెను కాసేపు ఆపి, లోపలి తలుపు ఒకటి సరిచేసి మళ్ళీ కుట్టెయ్యడం న్యాయమేనా?

ఇదేదో డిబేటింగు సొసైటీలో పొద్దుపోక అడిగే ప్రశ్న అనుకునేరు. కాదు. రాత్రి భోజనాలయ్యాక, పిల్లలు పడుకున్నాక, కొన్ని ఇళ్ళల్లో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునే సంగతే ఇది.

వైద్యం విషయంలో మనవాళ్ళకో ధర్మసూత్రం వుంది. నొప్పి పుడితే వైద్యుడు, లేకపోతే ఆయన గడప తొక్కకూడదు. పన్ను సలిపి రెండు రాత్రులు నిద్ర చెడితే తప్ప పళ్ళ డాక్టరు మనకు గుర్తురాడు. "హాయిగా తిరుగుతున్నవాణ్ణి తీసికెళ్ళి బల్ల ఎక్కించారు" అనేది మన వూళ్ళల్లో చిన్న నింద కాదు. అందులో న్యాయమూ లేకపోలేదు. మంచాన పడ్డవాడికి ఆపరేషను చేస్తే, అది వికటించినా, "పాపం, వాళ్ళ ప్రయత్నం వాళ్ళు చేశారు" అంటాం. నడిచి వెళ్ళినవాడు నడిచి రాకపోతే ఆ మాట అనడానికి నోరు రాదు.

అయితే ఈ సూత్రానికి లొంగని జబ్బులు కొన్ని వున్నాయి. వాటిల్లో ఒకదాని సంగతి చెబుతాను.

గుండెకు ఎడమ పక్కన పైగది, కింది గది వున్నాయి. వూపిరితిత్తుల్లో శుభ్రపడ్డ రక్తం పైగదిలోకి వస్తుంది. కింది గది దాన్ని ఒళ్ళంతటికీ తోస్తుంది. ఈ రెంటికీ మధ్య వున్న తలుపు పేరు మైట్రల్ వాల్వు. క్రైస్తవ బిషప్పులు పెట్టుకునే టోపీలా వుందని 16వ శతాబ్దంలో వెసేలియస్ అనే శరీరశాస్త్రజ్ఞుడు పోల్చాడు. ఆ టోపీ పేరే దీనికి స్థిరపడిపోయింది. ముందొక రెక్క, వెనకొక రెక్క. రెక్కల అంచుల నుంచి సన్నని తాళ్ళు దిగి కింది గదిలోని కండలకు కట్టి వుంటాయి. కింది గది ముడుచుకున్నప్పుడు రెక్కలు మూసుకోవాలి గాని పైకి తిరగబడకూడదు. ఆ పట్టు తాళ్ళది. రోజుకి సుమారు లక్షసార్లు ఈ తలుపు తెరుచుకుని మూసుకుంటుంది. మన వీధి తలుపు అలా కొట్టుకుంటే నెల తిరక్కుండా బందులు వూడి చేతికొస్తాయి.

కొందరిలో ఈ రెక్కలు వదులుగా, అవసరానికి మించిన వెడల్పుతో వుంటాయి. తాళ్ళు సాగుతాయి. మూసుకోవలసిన సమయంలో రెక్క గాలికి తిరగబడే గొడుగులా పైగదిలోకి వుబుకుతుంది. దీన్నే ప్రొలాప్స్ అంటారు. స్టెతస్కోపు పెడితే టిక్కుమని ఒక చప్పుడు, దాని వెనక వూదినట్టు మరో చప్పుడు. ఆ టిక్కు అసలు గుండెలోది కాదనే చాలాకాలం డాక్టర్లు అనుకున్నారు. 1963లో జోహనెస్‌బర్గ్‌లో జాన్ బార్లో అనే డాక్టరు, ఇది మైట్రల్ వాల్వు చప్పుడేనని నిరూపించాడు.

గుండెమీద చెయ్యి వేసుకుని భయపడకండి. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే వూరివాళ్ళని తరాల తరబడి పరీక్షిస్తూ వస్తున్నారు. అక్కడ నూటికి రెండు మూడు మందిలో ఈ వదులు తలుపు వుందని 1999లో తేల్చారు. అందులో చాలామందికి దానివల్ల జన్మలో ఏ ఇబ్బందీ రాదు. లీకు బాగా పెద్దదైన కొద్దిమంది గురించే నా గొడవంతా.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. మన దేశంలో వాల్వు జబ్బు అనగానే గుర్తొచ్చేది రుమాటిక్ జబ్బు. చిన్నతనంలో గొంతునొప్పి, ఆ వెనక కీళ్ళవాపుల జ్వరం వచ్చి, ఏళ్ళు గడిచేకొద్దీ రెక్కలు గట్టిపడి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అది బిగుసుకుపోయిన తలుపు. ఇది వదులైపోయిన తలుపు. నేను కింద చెప్పే లెక్కలన్నీ వదులు తలుపువే. వాటిని తీసికెళ్ళి రుమాటిక్ వాల్వుకి అంటగడితే మోసపోతాం.

ఈ లీకుతో చిక్కేమిటంటే అది చాలాకాలం గుట్టుగా వుంటుంది. చిల్లుకడవతో చెరువు నుంచి నీళ్ళు మోసే కోడలిని వూహించుకోండి. దారిలో సగం కారిపోతుంది. అత్తగారికి గంగాళం నిండాలి కనక ఆ పిల్ల రెట్టింపుసార్లు తిరుగుతుంది. గంగాళం నిండింది కదా, అత్తగారికి ఏ లోటూ కనబడదు. కోడలి నడుము సంగతి ఎవరికి కావాలి? మన గుండె కూడా అచ్చం ఆ కోడలే. వెనక్కి పోయినదానికి కూడా పని చేస్తూ, గది పెద్దది చేసుకుని, ఏళ్ళ తరబడి గుట్టుగా నెట్టుకొస్తుంది. ఆయాసం వచ్చేనాటికి కండ బలం కొంత పోయి వుంటుంది. అప్పుడు తలుపు ఎంత బాగా బిగించినా పోయిన బలం పూర్తిగా తిరిగిరాకపోవచ్చు.

అందుకని డాక్టర్లు ఆయాసం కోసం కాచుకుని కూర్చోకుండా ఎకో పరీక్షలో రెండంకెలు చూస్తారు. కింది గది తనలో వున్న రక్తంలో నూటికి ఎంత పాలు తోస్తోంది అనేది మొదటిది. మామూలు గుండెకి 55 వుంటే ఫరవాలేదంటారు. ఈ లీకు వున్నవాళ్ళకి మాత్రం 60కి దిగితేనే తొందరపడాలి. ఎందుకంటే ఆ తోసినదాంట్లో కొంత సులువైన వెనక దారి పట్టి పోతోంది. పైకి కనిపించేంత బలం లోపల లేదన్నమాట. ముడుచుకున్నాక కూడా గది అడ్డకొలత 40 మిల్లీమీటర్లకు చేరిందా అనేది రెండోది. ఈ గుర్తులు దాటినవాడికి ఆపరేషను కావాలనడంలో పెద్ద తగాదా లేదు. లీకు తీవ్రంగా వుండి, అంకెలు మాత్రం దాటకుండా, రోజూ రెండు మైళ్ళు నడిచే మనిషి దగ్గరే వస్తుంది ధర్మసందేహం.

మా బావగారు అటువంటివారే. తెనాలిలో లెక్కల లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. కంట్లో శుక్లాలు తీయించుకుందామని వెళితే, ముందుగా చేసే పరీక్షల్లో గుండెలో చప్పుడు బయటపడింది. ఎకో తీస్తే వెనక రెక్కకి తాడు ఒకటి తెగి వుంది. ముందు రెక్క కూడా వదులే. "లీకు తీవ్రంగా వుందండీ. గుండె బలం ఇంకా బాగానే వుంది. ఇప్పుడే రిపేరు చేయించుకుంటే మేలు" అన్నారు గుండె డాక్టరు.

"ఏమోయ్, కన్ను చూపించుకుందామని పోతే గుండెకి తగులుకుందేమిటి?" అన్నారు బావగారు నాతో. అక్కయ్య దేవుడి గదిలోకి వెళ్ళి చాలాసేపటిదాకా బయటికి రాలేదు.

"వాల్వులు మారుస్తారని విన్నాను. ఈ రిపేరేమిటి? సైకిలు ట్యూబా?" అన్నది ఆయన తరవాతి ప్రశ్న.

మార్చడం నిజంగా గొప్ప సంగతే. 1960లో అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో ఆల్బర్ట్ స్టార్ అనే సర్జను, లోవెల్ ఎడ్వర్డ్స్ అనే ఇంజనీరు తయారుచేసిన వాల్వును మనిషి గుండెలో అమర్చాడు. చిన్న పంజరం, అందులో కిందికీ పైకీ కదిలే బంతి. అంతే. ఆ బంతి వేలమందిని బతికించింది. మన దేశంలో తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం ఏళ్ళ తరబడి పాటుపడి చేసిన చిత్ర వాల్వును 1990 డిసెంబరులో మొదటిసారి ఒక రోగికి పెట్టారు. రెక్కలు బాగుచేయడానికి వీల్లేనంతగా పాడైనవాళ్ళకి ఇవి ప్రాణదాతలే. కాని వాటికీ కిరాయి చెల్లించాలి. లోహపు వాల్వు మీద రక్తం గడ్డ కట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ మింగాలి. మొదట ఎలుకల మందుగా బజారుకొచ్చిన సరుకది. తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. ఆకుకూరలు ఒకనాడు ఎక్కువా ఒకనాడు తక్కువా తిన్నా దాని లెక్క తప్పుతుంది. జంతు కణజాలంతో చేసిన వాల్వుకి ఈ బాధ తక్కువే గాని, అది కొన్నేళ్ళకి అరిగిపోతుంది. వయసులో వున్నవాళ్ళల్లో ఇంకా తొందరగా.

"వున్న తలుపునే ఎందుకు బాగుచేయకూడదు?" అని పట్టుబట్టినవాళ్ళల్లో పారిస్ సర్జను అలెన్ కార్పెంటియర్ పేరు ముందు చెప్పుకోవాలి. రెక్కలో వదులైన ముక్క కత్తిరించి అంచులు కలిపి కుట్టడం, సాగిపోయిన ద్వారబంధానికి ఒక రింగు వేసి దాని ఆకారానికి తేవడం, ఇదీ పద్ధతి. తరవాత్తరవాత తెగిన తాళ్ళ స్థానంలో గోర్‌టెక్స్ దారాలు వేయడం కూడా వచ్చింది. వానకోట్లకి వాడే సరుకే, గుండెలో కూడా తడికి చెక్కుచెదరదు. 1983లో కార్పెంటియర్ ప్రకటించిన వ్యాసంతో ఈ విద్యకి 'ఫ్రెంచి దిద్దుబాటు' అని పేరు పడింది. రిపేరు నిలిచి, గుండె లయ సరిగా వుంటే సాధారణంగా జీవితాంతం వార్ఫరిన్ అక్కర్లేదు.

"సరే. ఎన్నాళ్ళు నిలుస్తుంది?" అన్నారు బావగారు. లెక్కల మేస్టారు కదా, తిన్నగా అక్కడికే వచ్చారు.

1970 నుంచి 1984 దాకా పారిస్‌లో ఇలా బాగుచేయించుకున్న 162 మందిని వెంట పడి చూసి 2001లో లెక్క అచ్చువేశారు. వెనక రెక్క ఒక్కటే చెడినవాళ్ళల్లో 20 ఏళ్ళ తరవాత కూడా నూటికి సుమారు 97 మందికి రెండో ఆపరేషను అవసరం రాలేదు. రెండు రెక్కలూ చెడినవాళ్ళల్లో అది సుమారు 83. టొరంటోలో టిరోన్ డేవిడ్ బృందం 1,234 మంది లెక్క చూపించింది. 20 ఏళ్ళల్లో మళ్ళీ వాల్వు ఆపరేషను కావలసివచ్చినవాళ్ళు నూటికి అయిదుగురు లోపే. అయితే చెప్పుకోదగ్గ లీకు తిరిగి వచ్చినవాళ్ళు నూటికి 12, 13 మంది. గుండె లయ కొత్తగా తప్పినవాళ్ళు దాదాపు మూడోవంతు. అంటే తలుపు నిలబడింది. ఇల్లు మాత్రం పాతదే.

పారిస్ లెక్కలో ఇంకో అంకె వుంది. అది చూడగానే మా బావగారి మొహం మారిపోయింది. 20 ఏళ్ళ తరవాత ఆ 162 మందిలో బతికున్నవాళ్ళు నూటికి 48.

"సగానికి సగం పోయారే!"

"పోయారు బావగారూ. కాని ఆపరేషను నాటికి వాళ్ళ సగటు వయసు 56. గుండెజబ్బు లేని వాళ్ళ ఈడువాళ్ళల్లో కూడా 20 ఏళ్ళకి దాదాపు అంతమందే మిగిలారట."

ఆయన కళ్ళజోడు తీసి కాసేపు వూరుకున్నారు. నాకు మాత్రం ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా నిజాయితీ గల అంకె అదే అనిపించింది. ఈ వైద్యం ఎవరికీ చిరంజీవిత్వం ఇవ్వలేదు. జబ్బు ఎగరేసుకుపోబోయిన మామూలు ఆయుర్దాయాన్ని వెనక్కి తెచ్చి చేతిలో పెట్టింది. పక్కింటాయన ఎప్పుడు పోతాడో తెలియనట్టే మనమూ ఎప్పుడు పోతామో తెలియని స్థితికి తిరిగి చేర్చింది. దీన్ని తక్కువ వరమని అనేవాడు తీవ్రమైన లీకు ఎరగనివాడు.

ఇంత బాగుంటే ఇక ధర్మసందేహం ఎందుకంటారా? అవతలి పక్షం కూడా వినాలి. వియన్నా డాక్టర్లు తీవ్రమైన లీకు వున్నా బాధ లేని 132 మందిని కొయ్యకుండా కనిపెట్టి చూశారు. గుర్తులు దాటినవాళ్ళని మాత్రం వెంటనే ఆపరేషనుకి పంపారు. 8 ఏళ్ళకి సగానికి పైగా మందికి ఆ అవసరమే రాలేదు. బతికినవాళ్ళ సంఖ్య కూడా వాళ్ళ ఈడువాళ్ళతో సమానంగానే వుంది. 2006 నాటి మాట ఇది. ఆ తరవాత 2013లో, తాడు తెగి రెక్క విసురుతున్న 1,021 మంది లెక్క అమెరికాలో అచ్చయింది. మొదట్లోనే ఆపరేషను చేయించుకున్నవాళ్ళల్లో 10 ఏళ్ళకి 86 శాతం బతికుంటే, ఆగినవాళ్ళల్లో 69 శాతం. అయితే ఇందులో చీటీలు తీసి పంచిన జట్లు కావు. ఆగినవాళ్ళకి ఆగడానికి వేరే కారణాలుండి వుండవచ్చు. వయసూ జబ్బులూ సరిపోల్చి చూసినా తేడా మిగిలిందని వాళ్ళంటారు.

రెండు పక్షాల్లో ఎవరూ అబద్ధమాడలేదు. ఒకటి మాత్రం గమనించాలి. వియన్నాలో ఆగడం అంటే చెప్పిన తేదీకి తప్పకుండా వచ్చి ఎకో తీయించుకోవడం. మన దగ్గర "ఆరు నెలలకి రండి" అంటే, ఆ మధ్యలో పెళ్ళి వస్తుంది, నాట్లు వస్తాయి, మనవరాలి పరీక్షలు వస్తాయి. ఆయాసం వచ్చాకే మళ్ళీ హాస్పిటలు మెట్లెక్కుతాం. అలా ఆగడం ఆగడం కాదు, మరిచిపోవడం. కొయ్యడం ఒక్కటే పని, ఆగడం పని కాదు అనుకుంటాం గాని, సరిగా ఆగడం కూడా చాకిరీతో కూడిన వైద్యమే.

ఇప్పుడు అసలు ముడి. బాధ లేనివాణ్ణి కొయ్యడానికి అమెరికా గుండె వైద్యుల మార్గదర్శకాలు ఒక షరతు పెట్టాయి. నిలిచే రిపేరు జరిగే అవకాశం 95 శాతానికి పైగా వుండాలి, ప్రాణాపాయం ఒక శాతం లోపు వుండాలి. బాగానే వుంది. కాని ఆ 95 ఎవరిది? పారిస్‌దా, టొరంటోదా, లేక రేపు మీ రొమ్ము మీద కత్తి పెట్టబోయే పెద్దమనిషిదా?

2017లో న్యూయార్క్ రాష్ట్రంలోని 313 మంది సర్జన్ల లెక్క బయటపడింది. వాళ్ళల్లో సగం మంది ఏడాదికి చేసే మైట్రల్ ఆపరేషన్లు పది, అంతకన్నా తక్కువ. ఆ పదిలోపువాళ్ళ చేతుల్లో వాల్వు మార్చకుండా రిపేరుతో ముగిసినవి 48 శాతం. ఏడాదికి 50 దాటి చేసేవాళ్ళ చేతుల్లో 77 శాతం. జబ్బు ఒకటే, పుస్తకం ఒకటే, చేతులే వేరు. రిపేరు చేద్దామని తెరిచి, కుదరక మార్చేస్తే, హాయిగా తిరుగుతున్నవాడికి జీవితాంతం వార్ఫరిన్ కట్టబెట్టినట్టు కావచ్చు. ఆపరేషను విజయవంతమే, కేసు షీటులో తప్పేమీ వుండదు. కాని మనిషి అందుకోసం వెళ్ళలేదే!

మా బావగారు ఈ సంగతులన్నీ కాగితం మీద రాసుకుని సర్జను దగ్గరికి వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. "అయ్యా, తప్పుగా అనుకోకండి. ఇటువంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు? ఎన్ని రిపేరుతో ముగిశాయి?" అని అడిగారు. నాకు చెమటలు పట్టాయి. మనలో డాక్టరుగారిని లెక్కలడిగే ఆచారం లేదు కదా.

సర్జను నడివయసు మనిషి. కోప్పడలేదు. ఎకో మళ్ళీ ఒకసారి చూసి అన్నాడు: "మేస్టారూ, బైపాసులు వందల్లో చేస్తాను. ఇవి మాత్రం ఏడాదికి ఏడెనిమిదికి మించవు. వెనక రెక్క ఒక్కటే అయితే నేనే చేసేవాణ్ణి. మీకు రెండూ వదులు. ఇవే పనిగా చేసేవారు హైదరాబాదులో వున్నారు, ఉత్తరం రాసిస్తాను."

బయటికొచ్చాక బావగారు రిక్షా కూడా పిలవకుండా నిలబడిపోయారు. "ఇంత నిజం చెప్పాడే, ఈయన చేతే చేయించుకోవాలనిపిస్తోందోయ్" అన్నారు.

అది కుదరదు గనక, ఆ ఉత్తరం పట్టుకుని వెళ్ళి చేయించుకున్నారు. రిపేరే అయింది. అది నిలిచిందని మొదటి ఏడాది ఎకో చెప్పింది. ఇరవయ్యో ఏడాది ఎకో ఇంకా రావాలి.

ఆ సర్జను ఆ రోజు ఒక కేసు వదులుకున్నాడు. దానితో పాటు వచ్చే డబ్బూ పేరూ కూడా. మొదట్లో అడిగిన ప్రశ్నకి నాకు తోచిన జవాబు ఆయన దగ్గరే దొరికింది. బాధ లేనివాణ్ణి కొయ్యడం న్యాయమే, ఆ కోసేవాడు తన చేతి లెక్క తాను రాసుకుని, అడిగినప్పుడు దాచకుండా చెప్పేటట్టయితే. బాధ వున్నవాడికి డాక్టరు ప్రయత్నం చేస్తే చాలు. బాధ లేనివాడికి ప్రయత్నం చాలదు, పూచీ కావాలి. పక్కవాడి 97 చూపించి తన పనికి పూచీ పడటం, ఎదురింటివాడి పొలం చూపించి అప్పు తీసుకోవడంలాంటిదే.

దీనికి ఎదురు ప్రశ్న కూడా వుంది. అందరూ చెయ్యి తిరిగినవాడి దగ్గరికే పోతే కుర్రవాళ్ళకి చెయ్యి ఎలా తిరుగుతుంది? న్యాయమైన ప్రశ్నే. మా వూళ్ళో వడ్రంగి కొడుకు మొదట తండ్రి పక్కన కూర్చుని, తండ్రి కన్ను తన చేతి మీద వుండగానే ద్వారబంధం చెక్కాడు. ఒంటరిగా పెళ్ళివారింటి తలుపు మీద నేర్చుకోలేదు. నేర్చుకోవడానికి దారి వుండాలి. అది హాయిగా వున్నవాడి గుండె మీద, వాడికి చెప్పకుండా వుండకూడదు. అంతే.

ఇంకో న్యాయం కూడా తేలవలసి వుంది. ఎంచుకునే వీలు మా బావగారికి వుంది. పింఛను వుంది, చదువు వుంది, హైదరాబాదులో చెల్లెలి ఇల్లు వుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక బీదవాడికీ గుండె ఆపరేషను అందుబాటులోకి వచ్చింది. గొప్ప మేలే. కాని కార్డు చేతిలో వుంటే ఖర్చు గడుస్తుంది గాని, "ఏడాదికి ఎన్ని చేస్తారండీ?" అని అడిగే ధైర్యం దానితో రాదు. అడగలేనివాడి తరఫున ఆ లెక్క అడిగి, గోడమీద రాయించే బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి.

చివరిగా లెక్క మన వైపు కూడా వుంది. రిపేరు చేయించుకున్నవాడు పని అయిపోయిందనుకుని మాయమైతే, అది నిలిచిందో లేదో డాక్టరుకి ఎలా తెలుస్తుంది, తరవాత వచ్చేవాడికి ఏ అంకె చెబుతాడు? పారిస్‌లో ఆ 162 మంది ఆచూకీ దొరక్కపోయి వుంటే మా బావగారికి చెప్పడానికి నా దగ్గర ఏమీ వుండేది కాదు. కనక మీ ఇంట్లో ఇటువంటివారు ఎవరైనా వుంటే, వచ్చే ఏడాది ఎకో తేదీ ఇప్పుడే కాలెండరు మీద రాసి పెట్టండి. పాలవాడి లెక్క పక్కన కాస్త చోటు వుంటుంది.